హైదరాబాదులో రైలు ఏ వీథిని పోవలెను?



పల్లెకు కాలువ త్రవ్వింతుమని సర్వేవారు గొలుసు పట్టుకొని వచ్చిననాడు ఏమి జరుగునో మీకు నేను చెప్పనక్కరలేదు. నీళ్ళు అందఱికిని కావలెను. కాలువ మాత్రము పొరుగువాని చేను మీదుగా పోవలెను. పదియెకరముల ఆసామియు, అరయెకరము గల పేదవాడును ఆనాడు ఒక్క మాటయే పలుకుదురు. గుడి అడ్డము వచ్చినదనువారు కొందఱు, తాతల సమాధులున్నవనువారు కొందఱు. కడపట ఎవరి నోరు పెద్దదో వారి చేను తప్పించి కాలువ వంకర తిరుగును. ఒక్కొక్కప్పుడు వంకర తిరుగుటకైనను నోచుకొనక ఊరి పొలిమేరలోనే నిలిచిపోవును.

నేను ఈ పూట చెప్పబోవునది కాలువ తగవు కాదు, రైలు తగవు. హైదరాబాదు నగరములో రైలుబాట ఏ వీథిని పోవలెను, దేనిని తప్పించి పోవలెను అని ఇరువదియేండ్లకు పైగా సాగిన వాదముల చరిత్ర.

నేను బడిలో చరిత్ర చెప్పి జీవితము గడపినవాడను. ఇంజనీరును కాను, రాజకీయములతో నాకు పొత్తు లేదు. 1968లో చదువుకొఱకు నల్లగొండ జిల్లా పల్లెనుండి హైదరాబాదునకు వచ్చి, హరిబౌలిలో మా మేనత్తగారింట నాలుగేండ్లు ఉంటిని. హరిబౌలి యనునది చార్మినారునుండి నడచిపోదగిన దూరములో నున్న పాతబస్తీ పేట. ఆ యింటి ముందుగదిలో చాపమీద కూర్చుండి చదువుకొంటిని గనుక ఈ తగవులో నేను పూర్తిగా తటస్థుడను కానని ముందే మనవి చేసికొనుచున్నాను.

మొదట మాటలు తేటపఱచుకొందము. వీథి నడుమ పట్టాలు పఱచి, బండ్లును మనుష్యులును తిరుగుచుండగనే వారి మధ్య మెల్లగా నడచునది ట్రాము. మదరాసులో విద్యుచ్ఛక్తితో నడచు ట్రాములు 1895లో వచ్చి 1953లో ఆగిపోయినవి. కోర్టు పనులమీద మదరాసు పోయివచ్చిన వెనుకటి తరమువారు వాని ముచ్చటలు మీకు చెప్పియే యుందురు. ట్రాముకంటె వేగముగా, పెద్దరైలుకంటె తేలికగా, వీలైనంతవఱకు తన దారిని తాను పోవునది తేలికరైలు. అంతకంటె ఎక్కువ జనమును మోయుచు, వీథికి పైనగాని భూమిలోపలగాని పూర్తిగా వేఱు బాటమీద పరుగెత్తునది మెట్రో. హైదరాబాదునకు 1990 దశాబ్దములో తేలికరైలు ఆలోచన వచ్చినది గాని అది కాగితము దాటలేదు. 2003 ఆగస్టు 9వ తేదీన, పూర్వమునుండి ఉన్న రైలుపట్టాలమీదనే నగరపు రైళ్ళు కొన్ని నడుపనారంభించిరి. తరువాత నిశ్చయించినది మెట్రో. అయినను ఒక చిత్రము గలదు. ఈ మెట్రో కట్టుటకు ఆధారమైన శాసనము 2008వ సంవత్సరపు ఆంధ్రప్రదేశ్ మునిసిపల్ ట్రామువేల చట్టము. ట్రాము రాలేదు; దాని పేరు చట్టములో నిలిచినది.

ఇక వెనుకకు పోవుదము. హైదరాబాదు దారులవలన పుట్టిన ఊరు. గోలకొండ కోటలో జనము క్రిక్కిఱిసిన తరువాత 1578లో మూసీనదిపై వంతెన కట్టిరి. అదియే నేటి పురానాపూల్. 1591లో మహమ్మదు కులీ కుతుబ్‌షా నదికి దక్షిణపుటొడ్డున క్రొత్త నగరము స్థాపించి, గోలకొండనుండి మన మచిలీపట్టణపు రేవునకు పోవు బాటను మఱియొక బాట అడ్డముగా కోయుచోట చార్మినారు నిలిపెను. నాలుగు కమానులకు నాలుగు వీథులు. ఆ గీతలు గీసినవాడు సుల్తాను వద్ద పేష్వాగా నుండిన మీర్ మోమిన్ అస్త్రాబాదీ. పారసీక దేశమునుండి వచ్చినవాడు. ఆయన సమాధి చార్మినారునకు ఎంతో దూరము గాని శ్మశానవాటికలో నేటికిని ఉన్నది. దానిని మీర్ మోమిన్ దాయిరా యందురు. ఈ పేరు జ్ఞాపకముంచుకొనుడు.

తరువాత మూడువందల యేండ్లకు రైలు వచ్చినది. అది పాతనగరములోనికి రాలేదు. 1874లో వాడినుండి వచ్చిన బాట సికిందరాబాదున ముగిసినది. 1907లో నాంపల్లి స్టేషను, 1916లో కాచిగూడ స్టేషను లేచినవి. మూడును మూసీకి ఉత్తరముననే. దక్షిణమునకు పోవు పట్టాలు పాతబస్తీ తూర్పు అంచును ఒరసికొని ఫలక్‌నుమా వైపు సాగినవి. చార్మినారు చుట్టునున్న పేటలలోనికి తొంగియైనను చూడలేదు. ఆనాటి రైలుబాటలు దండునకును, సరకునకును వేసినవి గనుక ఆ దోషము ఎవరిమీదను మోపనక్కరలేదు. ఫలితము మాత్రము ఇది: క్రొత్తగా లేచినవానిలో అధికభాగము, కళాశాలలు కానిండు, కచ్చేరీలు కానిండు, నదికి ఉత్తరముననే లేచినవి. 1932లో నిజాము రైల్వేవారు 27 బస్సులతో రోడ్డు రవాణా ప్రారంభించిన తరువాతనే పట్టాలు లేని తావులకు బండి చేరుటకు వీలు కలిగినది.

1908 సెప్టెంబరు 28వ తేదీనాటి మూసీ వఱద మాట మీరెఱుగుదురు. ఆ వఱద తరువాత 1912లో నగరాభివృద్ధి సంఘమును స్థాపించి వీథులు వెడల్పు చేయించిరి. పత్తర్‌గట్టీలో రాతి కమానుల అంగళ్ళు ఆ సంఘమువారు కట్టించినవే. అప్పుడును ఇండ్లు పోయినవి, అంగళ్ళు పోయినవి, ఏడ్చినవా రేడ్చిరి. నేడు ఆ పత్తర్‌గట్టీయే కదలింపరాని ప్రాచీన సంపదయని మనము వాదించుచున్నాము. తప్పు కాదు. ఒక తరమువారు కూల్చి కట్టినది మఱియొక తరమునకు పురాతనమగుట లోకములో నున్నదే.

ఇక రైలుగీత ఎట్లు గీయుదురో రెండు మాటలు. బస్సువలె రైలు చిన్న సందులో గిరుక్కున తిరుగలేదు. దానికి విశాలమైన మలుపు కావలెను. వీథి నడుమ స్తంభములు నిలిపి పైన వంతెన వేయవలెనన్నచో ఆ వీథి వెడల్పుగా నుండవలెను. స్తంభములు వలదు, భూమిలోపల పోవుదమన్నచో ఖర్చు రెండు మూడు రెట్లగును. జనము దట్టముగా నున్నచోట రైలు ఎక్కువ అవసరము. కాని అచటనే వీథులు ఇఱుకు. ఖాళీ నేలలో కట్టుట సులభము, అచట ఎక్కువా రుండరు. వాదమంతయు ఇందులోనే పుట్టినది. తక్కినదంతయు ఎవరి ఇల్లు, ఎవరి అంగడి, ఎవరి గుడి అన్నదే.

మొదటి పటములో మూడు బాటలు, మొత్తము రమారమి 71 కిలోమీటర్లు. ఒకటి పడమటి వాయవ్యమున మియాపూరునుండి ఆగ్నేయమున ఎల్.బి. నగరమువఱకు. రెండవది సికిందరాబాదు జూబ్లీ బస్సుస్టేషనునుండి సుల్తాన్ బజారు మీదుగా మూసీ దాటి, పాతబస్తీ నడుమనుండి ఫలక్‌నుమావఱకు. మూడవది తూర్పున నాగోలునుండి పడమట కంప్యూటరు కంపెనీల పేటలవఱకు. మూడింటిలోను చిన్నది రెండవదే, తగవంతయు దానిపైననే. మొదట ఎన్నుకొన్న సంస్థతో కుదిరిన ఒప్పందము 2009లో రద్దయ్యెను. మరల పోటీ పెట్టి 2010 సెప్టెంబరు 4న లార్సెన్ అండ్ టూబ్రోవారితో ఒడంబడిక వ్రాసికొనిరి. ఖర్చులో పెద్దపాలు ఆ సంస్థయే పెట్టి, టిక్కెట్లవలనను, స్టేషనులవద్ద కట్టు అంగళ్ళవలనను రాబట్టుకొనవలెనని ఏర్పాటు. ఇది గుర్తుంచుకొనవలసిన సంగతి. సర్కారే కట్టుచున్నచో గీత మార్చినపుడు పెరిగిన ఖర్చు సర్కారుదే. ఇచట పటము ఒడంబడికలో చేరిపోయినది. మార్చుమనువాడు ఒకడు, డబ్బు పెట్టువాడు వేఱొకడు.

సుల్తాన్ బజారు వర్తకులు మొదట లేచిరి. ఆ బజారు నాకు మిక్కిలి ప్రియమైన తావు. శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయము 1901లో స్థాపితమై, తెలుగు పుస్తకము దొరకుటయే కష్టమైన కాలమున మనవారికి దీపము వంటిదైనది అచటనే. నా చదువులో సగము అక్కడి బల్లలమీద సాగినది. ఇఱుకైన వీథి, ఇరువైపుల బట్టల అంగళ్ళు, నడుమ తోపుడుబండ్లు. వీథి నడుమ స్తంభములు వేసినచో మా అంగళ్ళు పోవును, బేరము పోవును, ఈ బజారు బజారుగా నుండదని వర్తకులు వాదించిరి. మహిళా కళాశాల వైపు త్రిప్పుడనిరి. ఆ కళాశాల యనగా పూర్వపు బ్రిటిషు రెసిడెన్సీ; దాని గోడవెంట స్తంభములేమిటని ప్రాచీన కట్టడముల ప్రేమికులు అడ్డు చెప్పిరి. ఎటు త్రిప్పినను ఎవరిదో ఒకరి గడప.

2014లో తెలంగాణ రాష్ట్ర మేర్పడగనే ముఖ్యమంత్రి కె. చంద్రశేఖరరావుగారు మూడు చోట్ల గీత మార్పవలెననిరి. శాసనసభ యెదుట ఒకటి. 1913 నాటి ఆ సౌధమును, ఎదుట గన్‌పార్కులోని అమరవీరుల స్తూపమును వంతెన కప్పివేయునని వాదము. సుల్తాన్ బజారు రెండవది. పాతబస్తీ మూడవది. మొదటి రెండుచోట్ల భూగర్భమునగాని వెనుకదారినిగాని పోవలెననిరి. కట్టుచున్న సంస్థవారు ఖర్చు, కాలము రెండును మించిపోవుననిరి. ఉత్తరములు నడచినవి, పత్రికలు నిండినవి. తుదకు శాసనసభ యెదుట మొదటి గీత ప్రకారమే వంతెన వేసిరి; 2018 సెప్టెంబరు 24న దానిమీద రైలు నడచినది. సుల్తాన్ బజారులోను మొదటి గీతయే నిలిచినది. 2020 ఫిబ్రవరి 7న అచటను రైలు వచ్చినది. నేను ఆ వారములోనే పోయి చూచితిని. బజారు మీద నీడ పడిన మాట నిజము. బేరము పోలేదన్న మాటయు నిజము. వంతెన నీడలోనే గాజుల బేరమాడుచున్న స్త్రీలను చూచితిని. అయినను పూర్వము ఆ వీథిలో నిలిచి తలయెత్తినచో కనబడిన ఆకాశము నేడు కనబడదు. వర్తకులు చెప్పినదంతయు అబద్ధమనుట న్యాయము కాదు.

మూడవ తగవు మాత్రము వేఱు త్రోవ పట్టినది.

మొదటి పటము ప్రకారము రైలు ఇమ్లీబన్ బస్సుస్టేషనునుండి దారుల్‌షిఫా, పురానీ హవేలీ, ఏతెబార్ చౌకు, అలీజా కోట్లా, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ, శంషేర్‌గంజి, అలియాబాదు మీదుగా ఫలక్‌నుమాకు పోవలెను. దూరము 5.5 కిలోమీటర్లు. చార్మినారును, సాలార్‌జంగు ప్రదర్శనశాలను సుమారు అరకిలోమీటరు ఎడముగా తప్పించి గీసిన గీత యిది. కాని ఆ వీథిలో మసీదులు, గుడులు, ఆషూర్‌ఖానాలు, దర్గాలు, శ్మశానములు అడుగడుగున నున్నవి. తరువాత అధికారులు లెక్కించినపుడు అట్టివి 103 తేలినవి. వానిలో ఏ ఒక్కదానికి గోడ బీటవారినను నగరములో ఏమగునో చెప్పనక్కరలేదు. పాతబస్తీ ప్రతినిధులైన మజ్లిస్ పక్షమువారు అందుచేత వేఱు దారి కోరిరి: మూసీ వెంబడి పురానాపూల్ వైపు పోయి, బహదూర్‌పురా, కాలాపత్తర్ మీదుగా చుట్టి ఫలక్‌నుమా చేరవలెను. ప్రభుత్వమును దానికి మొగ్గు చూపినది. దారి పొడుగయ్యెను, ఖర్చు పెరిగెను, పెరిగిన ఖర్చు ఎవరు పెట్టవలెనో తేలలేదు. మొదటి గీత చెఱిపినట్లును కాదు, రెండవ గీత గీసినట్లును కాదు. 

ఈలోగా తక్కిన నగరమున స్తంభములు లేచినవి. 2017 నవంబరు 28న మియాపూరు మొదలు అమీర్‌పేట మీదుగా నాగోలువఱకు 30 కిలోమీటర్లు తెఱచిరి. 2018లో ఎల్.బి. నగరమువఱకు, 2019లో హైటెక్ సిటీకి, ఆపై రాయదుర్గమునకు, 2020లో ఇమ్లీబన్ వఱకు. మొత్తము 69 కిలోమీటర్లు పూర్తియైనవి. మిగిలినది ఒక్క పాతబస్తీ తునక. రైలు మూసీ వద్దకు వచ్చి నిలిచినది. వెనుకటి శతాబ్దమున నాంపల్లి, కాచిగూడలలో నిలిచినట్లే.

నా మేనత్త కుమారుడు, నాకు బావ, ఆ హరిబౌలి యింటిలోనే ఉన్నాడు. ఆయన మనుమరాలు హైటెక్ సిటీలో ఒక కంపెనీలో పని చేయును. ఉదయము ఇంటినుండి ఇమ్లీబన్ వఱకు ఆటో. పేటల సందులలో, బండ్ల నడుమ, హారనుల మోతలో. అచట రైలెక్కి అమీర్‌పేటలో మారి హైటెక్ సిటీ చేరును. నేను ఒకనాడు గడియారము పట్టుకొని ఆమెతో వెంట పోయితిని. మూడు కిలోమీటర్ల ఆటో ప్రయాణమునకు పట్టిన కాలములో రైలు నగరమును సగము దాటించినది. ఆ పిల్ల నవ్వి, "తాతా, ఇది రోజూ ఉండేదే" అనెను. చరిత్ర చెప్పువానికి ఇట్టి గడియారపు లెక్క ఒక్కటి చాలు. పాత కట్టడములను లెక్కించినవారున్నారు. ఆటోలలో గడచిన గంటలను లెక్కించినవారు తక్కువ.

ఇంతలో మఱియొక తగవు పుట్టినది. విమానాశ్రమము, క్షమింపుడు, విమానాశ్రయము 2008నుండి నగరమునకు దక్షిణమున శంషాబాదులో నున్నది. దానికి రైలు ఎటునుండి వేయవలెను? 2022 డిసెంబరు 9న అప్పటి ముఖ్యమంత్రిగారు పడమటినుండి, రాయదుర్గమునుండి శంషాబాదునకు 31 కిలోమీటర్ల బాటకు శంకుస్థాపన చేసిరి. అంచనా 6,250 కోట్లు. కంప్యూటరు కంపెనీలవారు విమానము పట్టుకొనుటకు అనుకూలము. దారియంతయు ఇంచుమించు ఖాళీ, స్తంభములు త్వరగా లేచును. ఒక యేడు తిరుగగనే ప్రభుత్వము మారినది. క్రొత్త ముఖ్యమంత్రి ఎ. రేవంత్‌రెడ్డిగారు 2023 డిసెంబరులో ఆ బాటను నిలుపుమనిరి. ఆ ప్రక్కన బయటి వలయపు రహదారి ఉండనే యున్నది; కార్లు గలవారికి రైలెందుకు? పాతబస్తీ మీదుగాను, తూర్పున ఎల్.బి. నగరము మీదుగాను వేసినచో ఎక్కువ మందికి ఉపయోగమన్నది ఆయన వాదము. 

రెండు వాదములలోను పస గలదు. పడమటి పేటలు రేపు పెరుగునవి. పట్టాలు ముందు వేసినచో ఊరు పట్టాల వెంబడి పెరుగునని చరిత్ర చెప్పుచున్నది. సికిందరాబాదే అందులకు సాక్షి. కాని నేడున్న జనమునకు నేడు రైలు లేదు. రేపటి జనముకొఱకు నేడు రైలు వేయుట ఏమి న్యాయమని అడిగినవానికి నేను బదులు చెప్పలేను. నా మొగ్గు తూర్పు దక్షిణముల వైపే. అందులో హరిబౌలి చాప పాలు కొంత గలదని మీరు అనుకొన్నచో కాదనను.

2024 మార్చి 8న ఫలక్‌నుమా వద్ద ఫరూక్‌నగర్ బస్సు డిపోలో పాతబస్తీ రైలునకు శంకుస్థాపన జరిగినది. తరువాత దానిని చాంద్రాయణగుట్టవఱకు పెంచి 7.5 కిలోమీటర్లు చేసిరి. ఆ అక్టోబరులో రాష్ట్ర మంత్రివర్గము మొత్తము 76.4 కిలోమీటర్ల రెండవ దశకు 24,269 కోట్ల అంచనాతో ఆమోదము తెలిపినది. అందులో నాగోలునుండి ఎల్.బి. నగరము, చాంద్రాయణగుట్టల మీదుగా విమానాశ్రయమునకు పోవు 36.8 కిలోమీటర్ల బాట ఒకటి. పటాన్‌చెఱువునకు, హయత్‌నగరమునకు, కోకాపేటకు తక్కిన కొమ్మలు. వానిమీద ఇంకను తగవులు పుట్టవచ్చును, పుట్టినపుడు చెప్పుకొందము.

పాతబస్తీలో ఏ గీత ఎన్నుకొనిరని మీ రడుగుదురు. మూసీ వెంబడి దారి కాదు. దారుల్‌షిఫా, పురానీ హవేలీ, మీర్ మోమిన్ దాయిరా, హరిబౌలి, శాలిబండ. మొదటి గీతయే! పదియేండ్లు తిరిగి తిరిగి మొదటి గీత కాడికే వచ్చిరి. స్తంభముల తావులు కొంచెము జరిపి, మలుపులు సవరించి, ప్రార్థనాస్థలములు 103ను కదలింపకుండ పోవుదుమనిరి. వీథిని మాత్రము 100 అడుగులకు వెడల్పు చేయవలెను. అందుకు 1,100 ఆస్తులు పూర్తిగానో కొంతగానో పోవునని 2024లో లెక్క వేసిరి. చదరపు గజమునకు 81,000 రూపాయల వంతున నష్టపరిహారము నిర్ణయించి, 2025 జనవరిలో మొదటి చెక్కులు పంచిరి.

మజ్లిస్ నాయకులు 2014లో వేఱు దారి కోరినవారే. పిమ్మట శాసనసభలో పాతబస్తీ రైలేదని గట్టిగా అడిగినవారును వారే. ఇందులో పరిహాసమున కేమియు లేదు. కాలము మాఱినది, ఉత్తరపు గట్టున రైలు నడచుచుండగా చూచినవాని మనసు వేఱు, పటములో మాత్రమే చూచినవాని మనసు వేఱు. 2014లో మా బావ కూడ, "రైలుకోసము దాయిరాను ముట్టుకుంటరా?" అని కోపించినవాడే. 2020లో మనుమరాలు ఉద్యోగములో చేరిన తరువాత రైలు కావలెనన్న అర్జీమీద వీథిలో మొదటి సంతకము ఆయనది.

ఆ పదియేండ్లును వ్యర్థమేనా అని నన్ను నేను అడిగికొంటిని. పూర్తిగా వ్యర్థమనలేను. తొందరపడి కట్టియున్నచో ఆ 103 స్థలములలో కొన్నిటికైనను హాని కలిగియుండెడిదని నా అనుమానము. అడ్డు చెప్పినవారివలననే లెక్క వేయుట, కొలుచుట, తప్పించుట అను పనులు జరిగినవి. కాని అడ్డు చెప్పుటకును, నిర్ణయము చేయకుండుటకును భేదమున్నది. శాసనసభ యెదుట, సుల్తాన్ బజారున తగవు వచ్చినపుడు గీత మారలేదు గాని పని సాగినది. పాతబస్తీలో గీతయు మారలేదు, పనియు సాగలేదు. అచటి వర్తకులు, శాసనసభ్యులు గోల చేసినను రైలు ఆగలేదు, ఇచట ఆగినది. ఎందుకని? డబ్బు తక్కువ వచ్చు తునకయని సంస్థవారు అనుకొనిరా, కదలించినచో తేనెతుట్టెయని ప్రభుత్వములు అనుకొనెనా, రెండునా? మూడవ కారణము నేను చెప్పుదును. పటము పట్టుకొని హరిబౌలి అరుగుమీద కూర్చుండి, "అయ్యా, మీ గోడ ఇంత పోవును, మీకు ఇంత వచ్చును, స్టేషను ఇక్కడ వచ్చును" అని చెప్పినవారు ఆ పదియేండ్లలో తమ వీథికి ఎవరును రాలేదని మా బావ చెప్పును. తెలియనివానికి కనబడునది పోవు గోడ యొక్కటే.

డబ్బు మాట వచ్చినది గనుక ఒకటి చెప్పి ముగింతును. మూడు బాటలును కట్టి నడపిన సంస్థ తనకు నష్టములు భరింపరానివైనవని చెప్పుచు వచ్చినది. 2025 సెప్టెంబరులో రైలును రాష్ట్ర ప్రభుత్వము స్వాధీనము చేసికొనుటకు ఇరుపక్షములును అంగీకరించినవి. ఇక మీదట గీత మార్చుమనువాడును, డబ్బు పెట్టువాడును ఒక్కడే కాగలడు. తగవులు తగ్గునో పెరుగునో చూడవలసియున్నది.

2025 వేసవిలో నేను మరల హరిబౌలి పోయితిని. శాలిబండ వైపునుండి వచ్చుచుండగా కొన్ని యిండ్ల ముఖములు అప్పటికే కూలియున్నవి. మేడమీది గదుల రంగులు, దేవుని పటము తగిలించిన మేకులు వీథికి కనబడుచున్నవి. మీర్ మోమిన్ దాయిరా గోడ మాత్రము నిలిచియున్నది. మా బావ ఇంటి గోడమీద అధికారులు వేసిన గుర్తు ముందుగది నడుమనుండి పోవుచున్నది. నేను చాప పఱచుకొని చదివిన మూల గుర్తుకు వీథి వైపున ఉండిపోయినది. ఆయన అరుగుమీద కూర్చుండి టేపుతో తానే మరల కొలిచికొనుచుండెను. అధికారుల కొలతకును తన కొలతకును జానెడు తేడా వచ్చినదట.

"గీత అదే గీత, బామ్మర్దీ. మనమే ముసలోళ్ళమైనం" అని నవ్వెను. తరువాత టేపు చివర నాచేతికిచ్చి గోడకు ఆనించి పట్టుకొమ్మనెను. ఇద్దఱము కలిసి కొలిచితిమి. ఈమాఱు తేడా నాలుగు అంగుళములే వచ్చినది. ఆయన దానిని పిల్లల నోటుపుస్తకములో తేదీతో సహా వ్రాసికొనెను.